పడవలన్నీ ఒడ్డున ఉన్న రోజు

మా తమ్ముడు తాతారావు ఎందుకు చచ్చిపోయాడో తేల్చడానికి ముగ్గురు పెద్దమనుషులతో విచారణ సంఘం వేశారు. వాళ్ళు నలభై పేజీలు రాశారు. నన్నడిగితే రెండు ముక్కల్లో చెప్పేదాన్ని. అడగలేదు కాబట్టి ఇప్పుడు నేనే చెబుతున్నాను. కోపం వచ్చేవాళ్ళకి రానివ్వండి, నాకూ తక్కువేం లేదు.

నా పేరు గరికిన నూకరత్నం. విశాఖకి ఉత్తరాన బొంతలరేవు మా ఊరు. పదకొండేళ్ళ కిందట తీరం పొడుగునా మాటజ్వరం వచ్చింది. వారం రోజుల్లో జ్వరం తగ్గేది గానీ, పోతూ పోతూ మనిషి నోట్లో మాటలన్నీ ఊడ్చుకుపోయేది. కాళ్ళూ చేతులూ బాగానే ఉండేవి, తెలివి బాగానే ఉండేది. కంచం ముందు కూర్చుని ‘అన్నం’ అనలేక ఏడ్చేవాళ్ళు. మా నాన్న దానయ్య ఆ జ్వరంలో పడ్డాడు. ఏడాదిపాటు మా ఇంట్లో సైగలే.

అప్పుడు కొండ మీది పరిశోధనాలయం వాళ్ళు పలుకుబిళ్ళ కనిపెట్టారు. చింతగింజంత ఉంటుంది, చెవి వెనక చర్మం కింద పెడతారు. మనిషి అనాలనుకున్న మాటని నాలుకకి అందిస్తుంది, చెవిన పడ్డ మాటకి అర్థం అందిస్తుంది. బిళ్ళలన్నిటికీ ఒకటే నిఘంటువు, కొండ మీది యంత్రంలో ఉంటుంది. ఇంట్లోవాళ్ళ పేర్లు మాత్రం ఎవరి బిళ్ళలో వాళ్ళవి. బిళ్ళ పెట్టాక నాన్న అన్న మొదటి మాట ‘ఉప్పు’. కూరలో అది లేదని అమ్మని తిట్టాడు. ఆ తిట్టు విని ఇంటిల్లిపాదీ ఏడ్చాం. చదువవగానే నేనా పరిశోధనాలయంలోనే ఉద్యోగంలో చేరాను. పుణ్యం చేస్తున్నాననుకున్నాను.

బిళ్ళ చిన్నది. ఏటా కొత్త మాటలు వస్తాయి, వాటికి చోటు కావాలి. అందుకని ప్రతి జూన్‌లో ఏరివేత సమావేశం పెడతారు. బిళ్ళ ఉన్నవాళ్ళు మూడు లక్షల మంది. ఎనిమిదేళ్ళలో వాళ్ళలో ఒక్కరి నోటి నుంచైనా రాని మాట పక్కన యంత్రం సున్నా వేస్తుంది. సున్నా పడ్డ మాటని ఉంచాలంటే ఎవరైనా లేచి, మైకు ముందు ఆ మాటని పైకి పలికి, ఎందుకు కావాలో చెప్పాలి. ఎవరూ లేవకపోతే డైరెక్టర్ కృపాకర్ గారు మీట నొక్కుతారు. ఇక ఆ మాట బిళ్ళలున్న వాళ్ళ నోట రాదు. పక్కవాడు అన్నా చెవికి గరగరమనే చప్పుడే. పోయిన మాట కోసం నాలుక వెతుక్కుంటే నాలుగు సెకన్లు నోరు కదలదు. మా ఆఫీసులో దానికి మూగపోటు అని పేరు.

ఆ మూగపోటు సంగతి మొదటిసారి విన్నప్పుడు నేను కృపాకర్ గారిని అడిగాను కూడా. ఆయన టీ ఊదుకుంటూ నవ్వాడు.

“నాలుగు సెకన్లేనమ్మా. ఆ మాత్రానికి కొంపలు మునుగుతాయా?”

గత జూన్ జాబితాలో రెండొందల పదిహేడు మాటలున్నాయి. పాత కొలపాత్రల పేర్లు, ఎవరూ ఆడని ఆటల పేర్లు, ఎవరూ వండని వంటల పేర్లు. వాటి మధ్య, నూట నలభై మూడో వరసలో, మా రేవు మాట కనిపించింది.

అది ఒక అల పేరు. గాలి లేని పూట, నీళ్ళు నూనెలా నున్నగా ఉన్నప్పుడు, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అడుగు నుంచి లేచి పక్కవాటుగా వస్తుంది. ఎనిమిదేళ్ళకో పదేళ్ళకో ఒకసారి వస్తుంది. పడవ ముందు కూర్చున్న పెద్దవాడు దాన్ని చూసి ఆ పేరు పెట్టి అరుస్తాడు. అరుపు వినగానే వెనక ఇంజను దగ్గరున్నవాడు ఆలోచించడు, తిరిగి చూడడు. వల కోసేసి, పడవ ముక్కు దానికి ఎదురుగా తిప్పేసి, అడుగున పడుకుంటాడు. ఏం చెయ్యాలో అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ‘అల’ అని అరిస్తే ఏం లాభం? సముద్రం నిండా అలలే కదా!

రేవు పడవల్లో ఒక్కటి నీళ్ళ మీద ఉన్నా ఒడ్డున ఎవరూ ఆ పేరు అనకూడదు. అంటే పిలిచినట్టే. మా రేవుకి నలభై పడవలు, రాత్రీ పగలూ ఏదో ఒకటి నీళ్ళ మీద ఉంటుంది. అందుకే ఆ మాట మా ఊళ్ళో పెళ్ళిలో వినపడదు, పోట్లాటలో వినపడదు. చిన్నప్పుడు మా తాత లచ్చయ్య నా చెవిలో ఒకసారి చెప్పి, నోటి మీద చెయ్యి పెట్టాడు. తొమ్మిదేళ్ళ కిందట ఆ అల వచ్చినప్పుడు నాన్న అరిచాడు, పడవలో నలుగురూ బతికి వచ్చారు. ఆ తర్వాత అనాల్సిన అవసరం రాలేదు. యంత్రం సున్నా వేసింది.

మూఢనమ్మకం అని మూతి ముడవకండి. మీ ఇళ్ళల్లో బియ్యం అయిపోతే ‘లేవు’ అంటారా, ‘నిండుకున్నాయి’ అంటారా? దీపం ‘ఆరింది’ అంటారా, ‘కొండెక్కింది’ అంటారా? గుమ్మం దాటుతూ ‘పోతాను’ అన్నవాణ్ణి వెనక్కి పిలిచి ‘వస్తాను’ అనిపించరూ? తెలుగువాళ్ళు భయపడేదాన్ని పేరు పెట్టి పిలవరు. ఈ ముక్క నిఘంటువు రాసే వాళ్ళకే తెలియకపోతే ఇక ఎవరికి తెలియాలి?

నేను లేచాను. “నూట నలభై మూడో మాట ఉంచాలండి.”

“పలకండి” అన్నాడు కృపాకర్, మైకు నా వైపు జరిపి.

గోడ గడియారం పదిన్నర చూపిస్తోంది. నాన్నా తాతారావూ తెల్లవారుజామునే వలకి వెళ్ళారు.

“ఇప్పుడు పలకలేనండి. కొన్నాళ్ళు ఆగండి.”

“ఎన్నాళ్ళు?”

“మా రేవు పడవలన్నీ ఒడ్డుకెక్కే దాకా.”

గదిలో పన్నెండు మంది ఉన్నారు. పన్నెండు మందీ నవ్వారు. కృపాకర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నూకరత్నం గారూ, మీరు భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేశారనుకున్నాను. శకునశాస్త్రంలో అని తెలియదు.”

మళ్ళీ నవ్వారు. నా మొహం మండిపోయింది. ఒక్క మాట, రెండు సెకన్ల పని. నోరు తెరిచాను. తెరిస్తే తాతారావు కనిపించాడు. పడవ అంచు మీద కాలు పెట్టి బీడీ ముట్టిస్తూ, నన్ను చూసి పళ్ళికిలించే తాతారావు. నోరు మూసుకుని కూర్చున్నాను.

పన్నెండింటికి కృపాకర్ మీట నొక్కాడు.

నాన్నకి ఈ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెప్పడానికి సిగ్గేసింది. కూతురు కొలువు చేసే చోట మన మాట తీసేశారని ఏ మొహంతో చెబుతాను? పదేళ్ళకోసారి వచ్చేది రేపే వస్తుందా అనుకున్నాను. తుఫాను హెచ్చరిక వచ్చి పడవలు ఆగిన రోజున ఆ మాట పలికి, తిరిగి పెట్టమని బతిమాలుకుందాంలే అనుకున్నాను. నిదానమే ప్రధానం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పందొమ్మిదో రోజున వచ్చింది.

పడవలో నాన్నా తమ్ముడూ ఇద్దరే ఉన్నారు. అరమైలు దూరంలో ఇంకో పడవ ఉంది, దాంట్లో మా కులపెద్ద బంగారయ్య ఉన్నాడు. నీళ్ళు నున్నగా ఉన్నాయట. ముందు కూర్చున్న నాన్న ఒక్కసారి లేచి నిలబడ్డాడట. కేక మాత్రం వినపడలేదట. తాతారావు వెనక తలొంచుకుని వల లాగుతూనే ఉన్నాడట. బంగారయ్య చూస్తూనే ఉన్నాడు, నాన్న అలాగే నిలబడి ఉన్నాడు, అల వచ్చి పడవని బోర్లా తిప్పేసింది. నాన్న వాళ్ళకి దొరికాడు. తమ్ముడు వలలో చుట్టుకుపోయాడు, దొరకలేదు.

నేను వెళ్ళేసరికి నాన్న గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వీధిలో మనుషులు గుంపుగా నిలబడి ఆయనకి వినపడేలాగే అంటున్నారు.

“బయానికి నోరడిపోనాది ముసిలోడికి.”

“అరిస్తే బతికీవోడు కాదేటి గుంటడు? కొడుకుని తినీసినాడు.”

“ఇంకెవుడు ఎక్కించుకుంతాడు పడవ మీన?”

నాన్న వాళ్ళతో పోట్లాడలేదు. మా నాన్న పోట్లాటకి పెట్టింది పేరు, చేపల బేరంలో ఆయన గొంతు కొండ దాకా వినపడేది. అలాంటి మనిషి గోడకేసి చూస్తూ నోరు తెరిచాడు. నాలుగు సెకన్లు అలాగే ఉండి, మూశాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ మూశాడు. పొద్దుట నుంచీ ఇదే పని అని అమ్మ చెప్పింది.

“ఏదో ఎతుకుతున్నాడే” అంది అమ్మ. ఆమెకి జ్వరం రాలేదు, బిళ్ళ లేదు. ఆయన ఏది వెతుకుతున్నాడో ఆమెకి తెలుసు. నా చెయ్యి పట్టుకుంది. “నువ్వనీకు. నీ తమ్ముణ్ణి ఎతకడానికి ముప్పై పడవలు ఎల్నాయి. అన్నీ నీళ్ళ మీనున్నాయి.”

నాన్న నా వైపు తిరిగాడు. “బయం కాదే రత్నా” అన్నాడు. “నోరు తెరిసినాను. నాలిక్కి ఏటీ అందనేదు. బయమే అయుంటాది. ఇంకేటుంటాది?”

అప్పుడు చెప్పాల్సింది. కాళ్ళ మీద పడి, నాన్నా, నీ మాట మా ఆఫీసులో పోయింది, నేను ఊరుకున్నాను అని చెప్పాల్సింది. నా నాలుక కూడా కదల్లేదు. నాకు బిళ్ళ లేదు, మూగపోటూ లేదు. ఉన్నది ఒట్టి పిరికితనం.

నెల తిరక్కుండా విచారణ నివేదిక వచ్చింది. ‘వ్యక్తిగత భయోద్వేగం వలన వాక్కు స్తంభించినది. పలుకుబిళ్ళలో లోపము లేదు’ అని ఉంది. ఆ కాగితం పట్టుకుని కృపాకర్ గదిలోకి తోసుకువెళ్ళాను.

“మా నాన్నని పిరికివాణ్ణి చేస్తారా? మాట తీసేసింది మీరు!”

“సున్నా పడిన మాట తీశాం. నిబంధన ప్రకారం తీశాం.”

“సున్నా అంటే అక్కర్లేదని కాదు!”

“మరి ఏమిటి?”

“దాచుకున్నారని! ఇంట్లో కత్తి ఎనిమిదేళ్ళు తియ్యలేదని పారేస్తామా?”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఎగతాళి లేదు ఈసారి, అదే ఎక్కువ కోపం తెప్పించింది. “అమ్మా, ఆ రోజు మైకు మీ ముందే ఉంది. ఒక్కసారి పలికితే ఉంచేవాళ్ళం. మీరెందుకు పలకలేదు?”

తలుపు దడాలున వేసి బయటికొచ్చాను, అంతకన్నా ఏం చెయ్యగలిగాను?

తీసేసిన మాటని తిరిగి చేర్చే పద్ధతి మా దగ్గర లేదు. దాని శబ్దమే యంత్రంలోంచి చెరిపేస్తారు. ఒకటి మాత్రం మిగిలింది. నిఘంటువు మొదలుపెట్టినప్పుడు ఊళ్ళు తిరిగి మాటలు పోగేసినవాళ్ళు చేత్తో రాసిన కార్డులు కింది గదిలో బీరువాల్లో పడి ఉన్నాయి. రెండు రోజులు దుమ్ములో వెతికితే మా మాట కార్డు దొరికింది. ఎవరో తెలియని మనిషి గుండ్రటి దస్తూరీ. ‘చెప్పినవారు: గరికిన లచ్చయ్య, బొంతలరేవు. మూడుసార్లు వెళ్ళాను, చెప్పలేదు. నాలుగోసారి, తుఫాను హెచ్చరిక వచ్చి పడవలన్నీ ఒడ్డున ఉన్న రోజు, చెప్పారు.’

ఎవరో ఆ మహానుభావుడు మా తాత నోటి మాట కోసం నాలుగుసార్లు బస్సెక్కి వచ్చాడు. కృపాకర్ కొన్నాళ్ళు ఆగలేకపోయాడు. ఆ కార్డు పట్టుకుని కింది గదిలో నేల మీద కూలబడి, తమ్ముడు పోయాక మొదటిసారి ఏడ్చాను.

ఏడ్చాక దారి తోచింది. పాత మాటకి తలుపు మూసేశారు గానీ కొత్త మాటకి మా యంత్రం తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఊళ్ళలో కొత్త మాటలు చేర్చుకోవడానికి నమోదు పెట్టె ఒకటి ఉంటుంది. బిళ్ళ లేని ఉద్యోగి దాంట్లో మాట పలికి, అర్థం చెబితే, పది నిమిషాల్లో బిళ్ళలన్నిటికీ చేరుతుంది. సంచీలో పెట్టె పెట్టుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా ఊరెళ్ళాను.

సాయంత్రం వేలంపాట దగ్గర జనమంతా ఉన్నారు. చేపల గంపల మధ్య నిలబడి చెప్పేశాను. మాట ఎలా పోయిందో, నేను ఎలా ఊరుకున్నానో, ఇన్నాళ్ళూ ఎలా దాచానో, అంతా. మా నాన్న భయపడలేదు, భయపడింది నేను అని చెప్పాను. నాన్న గుంపు చివర నిలబడి విన్నాడు.

మా మేనత్త వంగి గుప్పెడు ఇసక తీసి నా మొహాన కొట్టింది.

“సదువుకున్న గుంటవని మురిసిపోనామే! మన మాట నువ్వే అమ్మీసినావా?”

ఇంకొకామె ఉమ్మేసింది. ఎవరో చెయ్యి పట్టి లాగారు. నేను ఆ పెట్టె జారిపోకుండా గుండెకి అదుముకుని నిలబడ్డాను. తిట్టనివ్వండి, నాకా తిట్లు బాకీయే.

“ఆగండి” అన్నాడు కులపెద్ద బంగారయ్య. నా దగ్గరికొచ్చాడు. “ఇప్పుడేటి కావాలి నీకు?”

“ఒక్క రోజు పడవలన్నీ ఒడ్డుకెక్కాలి పెద్దయ్యా. ఒక్కటి కూడా నీళ్ళ మీద ఉండకూడదు. నేను ఆ మాట అనాలి.”

ఆయన నన్ను వదిలేసి నాన్న కేసి చూశాడు. నెల రోజులుగా ఆ మనిషిని పిరికివాడన్న వాళ్ళలో ఆయనా ఒకడు.

“ఎల్లుండి ఆపుతాం. నీ కోసం కాదు” అన్నాడు నాతో. “నీ మొకం సూడాలని ఎవుడికీ నేదు. దానయ్య కోసం.”

ఆ రోజు పొద్దున్నే నలభై పడవలు ఇసక మీదకి లాగారు. తమ్ముడితో పోయిన పడవ కాక ముప్పై తొమ్మిది అనాలి, కానీ బంగారయ్య ఎవరిదో పాత తెప్పని ఆ ఖాళీలో పెట్టించాడు. రెండుసార్లు లెక్కపెట్టించాడు. పిల్లల కాగితప్పడవలు కూడా నీళ్ళల్లోంచి తీయించాడు. బిళ్ళలున్న అరవై ఒక్క మందీ వరసగా కూర్చున్నారు. నాన్న అందరికన్నా ముందు, సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

పెట్టె తెరిచాను. ఎర్ర దీపం వెలిగింది. తాత నా నోటి మీద పెట్టిన చెయ్యి ఇంకా అక్కడే ఉన్నట్టనిపించింది. ఆ చెయ్యి తోసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, పైకి అన్నాను.

బిళ్ళలున్న వాళ్ళు చెవులు మూసుకున్నారు, వాళ్ళకి అది గరగరే. బిళ్ళలు లేని వాళ్ళు ఒక్కసారిగా నీళ్ళ కేసి చూశారు. అర్థం కూడా చెప్పాను: వల కొయ్యి, ముక్కు తిప్పు, పడుకో. దీపం పచ్చగా మారింది. ఇక చేసేదేం లేదు, కూర్చున్నాం. పది నిమిషాలు ఒక్క పసిపిల్ల కూడా ఏడవలేదు.

నాన్న తల కొంచెం పక్కకి వంచాడు. చెవి వెనక తడుముకున్నాడు. నోరు తెరిచాడు. ఒకటి, రెండు అని నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను.

మూడు దాకా వెళ్ళనివ్వలేదు. ఆయన లేచి నిలబడి అరిచాడు. అలాంటి అరుపు నేనెప్పుడూ వినలేదు. ఆ మాట మూడుసార్లు అరిచాడు. అరుస్తూ నీళ్ళల్లోకి పరిగెత్తాడు, నడుము లోతు దాకా వెళ్ళాడు, వెనక్కి తిరిగి ఎవరూ లేని చోటికేసి చెయ్యి ఊపాడు.

“తాతారావూ! వొల కోసీరా! తిప్పు నాయినా, తిప్పు! తిప్పరా!”

బంగారయ్యా ఇంకో నలుగురూ వెళ్ళి పట్టుకున్నారు. ఆయన చాలాసేపు తిప్పమంటూనే ఉన్నాడు.

మర్నాడు పడవలు వెళ్ళాయి. బంగారయ్య నాన్నని చెయ్యి పట్టి తన పడవలో ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఇక ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

పరిశోధనాలయం నమోదు పెట్టె దొంగతనం చేశానని నా మీద కేసు పెట్టింది, ఉద్యోగం తీసేసింది. విచారణ నివేదికలో ఒక్క అక్షరం మారలేదు. మాట మాత్రం ఉంది, ‘కొత్త మాట’ అనే వరసలో. ఎనిమిదేళ్ళు ఎవరూ అనకపోతే మళ్ళీ సున్నా పడుతుంది. అందుకని నేను ఆ మాట అన్న తారీఖున ఏటా పడవలు ఆపాలని మా రేవు తీర్మానించింది. ఆ రోజుకి నన్ను రమ్మని ఎవరూ అనలేదు. ఇది రాస్తున్న పూట మా పడవలు నీళ్ళ మీద ఉన్నాయి కాబట్టి ఆ మాట ఇక్కడ రాయడం లేదు. చదివేవాళ్ళు గింజుకున్నా రాయను.

బిళ్ళలున్న వాళ్ళని మూడు నెలలకోసారి పరీక్షకి తీసుకెళితే ఒక కాగితం ఇస్తారు. ఇంట్లోవాళ్ళ పేర్లు, ఆ మూడు నెలల్లో ఏ పేరు ఎన్నిసార్లు పలికారో దాంట్లో ఉంటుంది. ఆ పేర్లకీ ఎనిమిదేళ్ళ గడువే. అమ్మకి చదువు రాదు, నాన్న కాగితం నాకు పంపింది, అంతా బాగుందా అని. తాతారావు పేరు పక్కన నాలుగు వేల పన్నెండు అని ఉంది.

నా పేరు పక్కన సున్నా ఉంది. ఇంకా ఏడేళ్ళ తొమ్మిది నెలలు గడువుంది.